తెర వెనుక మూసుకున్న నోరు

ఒక ఆదివారం మధ్యాహ్నం, రంగూనులో, ఒక గుడ్డ తెర వెనుక నిలబడి నేను నోరు విప్పవలసి ఉండీ విప్పలేదు. ఆ విప్పని నోటినే ముప్పై ఏళ్లకు పైబడి మోస్తున్నాను. అన్నం తిన్నది ఆ నోటితోనే. పురాణం చెప్పినది, పిల్లలకు పద్యం నేర్పినది, పెద్దలచేత సెబాసనిపించుకున్నది కూడా దానితోనే. అయినా ఆనాడు మూసుకున్నది ఇంకా తెరుచుకోలేదని నాకొక్కడికే తెలుసు. ఇవాళ మీకు తెలుస్తుంది.

మీరెవరో నేనెరగను. అదే మేలు. ఎరిగినవారి ముందైతే నేను మళ్లీ ఒక అందమైన వాక్యం చాటున దాక్కుంటాను. నాకు అది బాగా చేతనవును.

ముందే ఒక మాట. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ అధికారం మీకు లేదు. అది ఉన్నవాడు ఒక్కడే. అతడు క్షమించలేదు, క్షమించవలసిన అవసరమూ అతడికి లేదు. ఇంకొక మాట. నేను చెప్పబోయేదానిలో తప్పు ఎక్కడున్నదో తొందరపడి తేల్చవద్దు. ఆనాటి మన పెద్దలు మహాపరాధమన్నది నాకు ఈనాటికీ అపరాధంగా తోచదు. దాన్ని నేను మళ్లీ చేస్తాను. వారి కంటికి ఆననిదే నా అసలు తప్పు.

నేను విజయనగరంలో ఒక గురువుగారి ఇంట పన్నెండేళ్లు చదువుకున్నవాణ్ణి. కావ్యం, నాటకం, వ్యాకరణం, అలంకారం. ఈ శతాబ్దపు ఇరవైలలో, బొమ్మలకు ఇంకా మాట రాని కాలంలో, ఓడ ఎక్కి రంగూను వచ్చాను. లమ్మడా పేటలో రెండో అంతస్తులో ఒక గది దొరికింది. పగలు మన వర్తకుల పిల్లలకు పద్యాలు చెప్పేవాణ్ణి. శనివారం సాయంత్రం తెలుగువారి సభలో పురాణం. ఆ సభ పేరు రాయను. అధ్యక్షులవారి పేరూ రాయను. ఆయన రేవులో కూలీలను పనికి పెట్టే పెద్ద మేస్త్రి. సభలో తక్కిన పెద్దలు సగానికి సగం మేస్త్రీలే. మన తీరం నుంచి జనాన్ని ఓడల మీద తెచ్చి, పొద్దున్నే జెట్టీ మీద వరుసగా నిలబెట్టి, పేర్లు పిలిచి, ఈనాడు ఎవరికి పని ఉన్నదో ఎవరికి లేదో చూపుడువేలితో తేల్చేవారు వారు. సాయంత్రం అదే వేలితో తాళం వేస్తూ నా పద్యాలు వినేవారు. నన్ను ఎంతో గౌరవించేవారు. అందులో అబద్ధం లేదు.

మా వీధికి రెండు సందుల అవతల ఒక బయస్కోపు హాలు ఉండేది. యజమాని బర్మీయుడు, ఊ మ్యా అనేవారం. హాలు నిండా మన రేవు కూలీలే. శ్రీకాకుళంవారు, విశాఖపట్నంవారు, గంజాంవారు. బొమ్మకు మాట లేదు. మధ్యమధ్య పడే అక్షరాలు ఫ్రెంచివో ఇంగ్లీషువో. అందుచేత తెర వెనుక ఒక మనిషి నిలబడి తెలుగులో కథ చెప్పేవాడు. తెరకు నీళ్లు చల్లి తడిగా ఉంచితే బొమ్మ వెనక్కు కూడా కనబడుతుంది, అయితే తలకిందులు కాకపోయినా కుడియెడమలు మారి కనబడుతుంది. ఆ చెప్పే మనిషి ఒకనాడు చెప్పకుండా మోల్మీను వెళ్లిపోయాడు. తెలుగు ప్రకటన కాగితం రాసి ఇవ్వడానికి నేను ఆ సమయానికి అక్కడ ఉన్నాను. ఊ మ్యా చేతులు జోడించాడు. ఒక్క ఆట, పంతులుగారూ, ఒక్క ఆట.

నేను పొగరుతో ఒప్పుకున్నాను. ఈ జనానికి మంచి తెలుగు వినిపిద్దామనుకున్నాను.

ఆ బొమ్మలలో ఒక ఫ్రెంచివాడు ఉండేవాడు. నాయకుడు కాడు. హోటలులో వడ్డించేవాడు, కోర్టు బంట్రోతు, చెవిటి మామగారు, పెళ్లానికి జడిసే వైద్యుడు, ఇవీ అతడి వేషాలు. నాయకుడు నాయిక చేయి పట్టుకున్న సమయానికి తలుపు తెరిచి, పొరపాటైందని టోపీ ఎత్తి, వెనక్కు తిరిగి, ఆ తలుపుకే గుద్దుకునేవాడు. రెండు నిమిషాలు. మళ్లీ అరగంట దాకా కనబడడు. అతడి పేరు తెర మీద పడేది కాదు. కోపం వచ్చినా, భయం వచ్చినా, ఆకలి వేసినా ముందు ఉబ్బేవి బుగ్గలు. మన కూలీలు అతడికి బుగ్గల దొర అని పేరు పెట్టుకున్నారు.

ఆ మొదటి ఆటలో దొర తలుపు తీసి నోరు తెరవగానే నేను "ఓయీ ద్వారపాలకా! ఇచట ఎవరును లేరా?" అన్నాను. హాలు ఘొల్లుమంది. మెచ్చుకోలు కాదది. వేరుశనగ పొట్లాలు వచ్చి తెరకు తగిలాయి. ఎవడో పిల్లిలా అరిచాడు. నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల దాకా కళింగపట్నం రేవులో పెరిగినవాణ్ణి, పన్నెండేళ్ల చదువు కింద పాతిపెట్టిన మాట ఒకటి నా అనుమతి లేకుండానే బయటికి వచ్చేసింది.

"ఏటిరా ఆ అరుపులు? నానొచ్చి తలుపుకాడ నిలబడితే కుర్సీ ఎయ్యరేటి? నోర్ముయ్యండెహె!"

సరిగ్గా ఆ క్షణాన దొర బుగ్గలు ఉబ్బించి, మీసం దువ్వి, వేలు చూపాడు. మాట అతడి నోటికి అతికినట్టు సరిపోయింది. హాలు పైకప్పు ఎగిరిపోయేటట్టు నవ్వింది. అటువంటి నవ్వు నేను ఏ సభలోనూ వినలేదు. గురువుగారు చెప్పిన హాస్యరసం ఎక్కడున్నదో ఆనాడు నాకు చెవులారా తెలిసింది.

మూడేళ్లు చెప్పాను. ఎవరికీ తెలియకుండా. తెర పక్క సందులోంచి, తలమీద తువ్వాలు కప్పుకుని లోపలికి వెళ్లేవాణ్ణి. ఫ్రాన్సులో అతడు ఏ వేషం వేసినా మా హాలులో అతడు మేస్త్రి. వైద్యుడైనా మేస్త్రే, జడ్జీ అయినా మేస్త్రే. గొడుగు తెరిస్తే జెట్టీ మీద పేర్లు పిలుస్తున్నాడు. చీటీ చదివితే ఎవరికి పని లేదో చదువుతున్నాడు. చివరికి ఎప్పుడూ తలుపుకు గుద్దుకుని పడేవాడు. ఆ పడడానికి నేను వంద రకాల మాటలు కట్టాను. పగలంతా మూపున బస్తాలు మోసినవారు సాయంత్రం ఆ పడేవాణ్ణి చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేవారు.

సిగ్గుపడుతున్నానా? లేదు. సూటిగా రాస్తున్నాను: నా జీవితంలో నేను పలికిన తెలుగులో మేలైన తెలుగు ఆ తడి గుడ్డ వెనుక పలికినదే. పత్రికలలో అచ్చయిన నా పద్యాలు ఎవరికి కావాలో వారు ఉంచుకోవచ్చు.

మరి ఎందుకు దాచాను? ఈ ప్రశ్న వేయండి. నేను వేసుకున్నప్పుడల్లా, దాచడం అవసరమైందని చెప్పుకున్నాను. సభలో శాలువ కప్పుకుని పద్యం చదివేవాడు హాలులో కూలీ భాష మాట్లాడకూడదు కనుక. అవసరం ఎవరిది? నాదే. రెండు చోట్లా మన్నన కావాలి నాకు. రెండూ వదులుకోలేదు. అక్కడే మొదలైంది.

ఈ రహస్యం తెలిసినవారు ఇద్దరే. ఊ మ్యా ఒకడు. రెండోవాడు సింహాచలం.

తెర వెనుక నా పక్కనే కూర్చుని హార్మోనియం వాయించేవాడు సింహాచలం. శ్రీకాకుళం దగ్గర పల్లె. ఆరేళ్లు జెట్టీ మీద బస్తాలు మోసి, భజనలో కూర్చుని చూసి చూసి వాయిద్యం నేర్చుకుని, హాలులో కొలువు సంపాదించాడు. ఆ కొలువు వచ్చాకనే కూలీల బస విడిచి వేరే గది తీసుకున్నాడు. బసలో ముప్పై మంది మగవాళ్లు వరుసగా పడుకుంటారు. ఆడదానికి చోటు లేదు. గది దొరికింది కనుక ఊరి నుంచి భార్య సన్యాసమ్మను పిలిపించుకున్నాడు. ఆరేళ్లుగా పెళ్లాన్ని చూడనివాడు ఆమె ఓడ దిగిన రోజున హాలులో ఎంత సంతోషంగా వాయించాడంటే, ఏడవవలసిన ఘట్టంలో కూడా జనం తాళం వేశారు.

దొర తలుపుకు గుద్దుకునే ముందు అతడు హార్మోనియం మీద రెండు మెట్లు పట్టి ఆపేవాడు. నేను ఊపిరి తీసుకునేవాణ్ణి. అతడు వదిలేవాడు, నేను మాట విసిరేవాణ్ణి. మేమిద్దరం కలిస్తేనే ఆ ఫ్రెంచివాడు.

మూడో ఏట సభకు ఫిర్యాదు వచ్చింది. హాలులో ఎవడో తెలుగుభాషను భ్రష్టు పట్టిస్తున్నాడట. వినరాని గ్రామ్యమట. మన జాతి పరువు బర్మావారి ముందు పోతున్నదట. అసలు సంగతి భాష కాదు. జెట్టీ మీద ఒకనాడు పెద్ద మేస్త్రి పేర్లు పిలుస్తుండగా వరుసలో ఎవడో "దొరగారూ, తలుపు చూసుకోండి" అన్నాడు. వరుసంతా నవ్వింది. ఎవరిని పనిలోంచి తీసినా ఆ నవ్వు ఆగలేదు. అది వ్యాకరణానికి తగిలిన దెబ్బ కాదు. నాకు తెలుసు, నేనే కొట్టాను, కొట్టినందుకు ఇప్పటికీ గర్వపడుతున్నాను.

ఎవరు ఆ చెప్పేవాడు? పెద్దలు ఎంతో సేపు ఆలోచించలేదు. ఆ మాట శ్రీకాకుళపు కూలీ మాట. హాలు వెనుక తలుపున బాహాటంగా వెళ్లే శ్రీకాకుళపు కూలీ ఒక్కడే, హార్మోనియం సింహాచలం. అయిపోయింది. శాస్త్రం చదివినవాడి గొంతులో ఆ మాట ఉండగలదని వారికి కలలో కూడా తట్టలేదు. అటువంటి పొరపాటు ఇంకెవరూ చేయలేరు. మాటను బట్టి మనిషిని కట్టేసే మనమే చేయగలం.

సింహాచలాన్ని సభకు పిలిపించారు. నేను అధ్యక్షులవారి కుడివైపు కూర్చుని ఉన్నాను. అతడు నా వైపు చూడలేదు. తాను వాయించేవాణ్ణే కాని చెప్పేవాణ్ణి కానన్నాడు. మరెవరని అడిగితే తెలియదన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడతడు ఆదివారం మధ్యాహ్నపు ఆటకు రమ్మని పెద్దలను పిలిచాడు.

మరునాటి ఉదయం హాలు వెనుక సందులో నా కోసం నిలబడి ఉన్నాడు. అతడన్న మాటలలో ఒక్కటీ నేను మరవలేదు.

"పంతులుగారూ, మీ పేరు నాను సెప్పను. మాయమ్మ తోడు. కానీ ఒక్క ఆట మీరు సెప్పాల."

"ఏమిటి నీ ఆలోచన?"

"ఏటుంది? ఆదోరం పెద్దల పక్కనే కూకుంటాను. నోటి నిండా ఆకూ వక్కా ఏసుకొని మరీ కూకుంటాను. మీరు ఎనకాల దొర మాటలు సెప్పీయండి. నా నోరు ఆకు నవుల్తాది, దొర నోరు మాటాడతాది. ఆల్లకి ఇంకేటి గావాల?"

"అధ్యక్షులవారు ముందు వరుసలో ఉంటారు. నా గొంతు ఆనవాలు పడితే?"

అతడు నవ్వాడు. "మీరు పురాణం సెప్పే గొంతు ముక్కులోంచి వస్తాది బాబూ. దొర గొంతు కడుపులోంచి వస్తాది. రెండూ ఒకలియేనని పక్కన కూకున్న నాకే ఒక్కోపాలి నమ్మకం సాల్దు."

నేనూ నవ్వాను. వస్తానన్నాను.

"ఒట్టెయ్యండి."

"దేవుడి మీద..."

"దేవుడొద్దు. ఆ బాబుతో మీకు రోజూ పనే, మీరూ మీరూ సర్దుకుంటారు. మీ సదువు మీద ఎయ్యండి."

వేశాను. నా చదువు మీద ఒట్టు అన్నాను.

ఆదివారం వచ్చింది. జ్వరంగా ఉన్నదని సభవారికి కబురు పంపి, తువ్వాలు కప్పుకుని సందులోంచి లోపలికి వెళ్లాను. ఇది బాగా వినండి. నేను వెళ్లాను. ఇంట్లో దాక్కోలేదు. వెళ్లకపోయి ఉంటే పిరికివాడు అని ఒక్క మాటలో తేలిపోయేవాణ్ణి. తడి తెర వెనుక, రోజూ నిలబడే చోటనే నిలబడ్డాను. హార్మోనియం మూసి ఉంది. దాని మీద ఎప్పుడూ ఉండే చేతులు ఆ వేళ తెరకు అవతల, పెద్దల పక్కన ఉన్నాయి.

లోపలికి వచ్చేటప్పుడు సంకల్పం గట్టిగానే ఉంది. మొదటి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. దీపాలు ఆర్పారు. తెరకు అవతల అధ్యక్షులవారు గొంతు సవరించుకోవడం వినబడింది. ఆ దగ్గు నాకు తెలుసు. ప్రతి శనివారం నా పద్యానికి ముందు ఆయన దగ్గే దగ్గు. పది మూరల దూరం. ఆ పై ఆదివారమే సభవారు లమ్మడాలో తెలుగు పాఠశాల తెరవబోతున్నారు. దానికి నేను ప్రధాన పండితుణ్ణి. శాలువ కొని ఉంచారని కూడా తెలుసు.

బొమ్మ మొదలైంది. బుగ్గల దొర తలుపు తీసుకుని వచ్చాడు. నా తల మీదుగా, నిలువెత్తు మనిషికి మూడింతల ముఖం. బుగ్గలు ఉబ్బాయి. వేలు లేచింది. నోరు తెరుచుకుంది.

"ఇనండి. ఇప్పుడు సెప్తాడు." సింహాచలం గొంతు. ఆకు నములుతున్న గొంతు.

నేను పలకలేదు.

దొర పెదవులు ఆడాయి, ఆగాయి, మళ్లీ ఆడాయి. ఇంతలేసి పెదవులు. చెప్పవలసినదంతా చెప్పేసి అతడు టోపీ ఎత్తాడు. యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఓయ్ దొరా! నిద్దరోయినావేటి?" వెనుక వరుసలోంచి ఎవడో అరిచాడు.

"ఉండండి, ఉండండి. సెప్తాడు." మళ్లీ సింహాచలం.

నా గొంతు ఎండిపోలేదు. ఎవరూ పట్టుకోలేదు. మాట నాలుక చివర ఉంది. దాని రుచి కూడా తెలుస్తూనే ఉంది. నేను పెదవులు కలిపి ఉంచాను. అంతే. కలిపి ఉంచడానికి బలం కావాలి. ఆ బలం నేనే పెట్టాను. ఇది నాకు జరిగినది కాదు, నేను చేసినది.

దొర తలుపుకు గుద్దుకుని పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. మూడేళ్లలో మొదటిసారి అతడు ఊరికే పడ్డాడు.

"పంతు..." అని మొదలుపెట్టాడు సింహాచలం. ఆ ఒక్క ముక్క నాకు వినబడింది. తరువాత ఆగిపోయాడు. నన్ను పిలవబోయి, తన నోరు తానే నొక్కుకున్నాడు. నేను తెరకు ఇవతల చేస్తున్న పనే అతడు అవతల చేశాడు. నేను నా కోసం, అతడు నా కోసం.

అప్పుడు వెనుక వరుసలోని ఆ గడుసువాడే, పాపం ఏమీ ఎరగక, గట్టిగా అన్నాడు. "ఒరే సింహాచలం! నువ్వు ముందర కూకుంటే దొరకి మాటెలా వస్తాదిరా? ఎల్లు, ఎనక్కెల్లు!"

హాలంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వే తీర్పు. అతణ్ణి ప్రేమించినవాళ్లే, అతడి కళ అనుకున్నదాన్ని మెచ్చుకుంటూ, నేరాన్ని అతడి మెడకు కట్టారు. అధ్యక్షులవారు దగ్గి లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం పెద్దలు నా గదికి వచ్చారు. జ్వరం ఎలా ఉన్నదని అడిగారు. జరిగినదంతా చెప్పి, సభ తరఫున ఒక తీర్మానం రాసిపెట్టమన్నారు; మీ కలమైతే నిండుగా ఉంటుందన్నారు. జ్వరమని తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు. "గ్రామ్యభాషణముచే సభ్యుల కర్ణములకు క్లేశమును, జాతిగౌరవమునకు హానియును గలిగించిన యీతనిని కొలువునుండి తొలగింపవలయు" అని రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. మంచి వాక్యం. ఈ కాగితాల మీద నేను రాసినవన్నీ కలిపినా దానంత బిగువుగా లేవు.

కూలీలను హాలుకు పోవద్దని మేస్త్రీలు ఒక్క మాటంటే ఊ మ్యా హాలు మూసుకోవలసిందే. అతడు సింహాచలాన్ని తీసేశాడు. తీసేస్తూ నా కళ్లలోకి చూశాడు. తెర వెనుక చెప్పడం కూడా ఆగిపోయింది. నేను మళ్లీ పలికితే సింహాచలం నిర్దోషి అని తేలుతుంది కదా! అబద్ధం నిలవాలంటే నేను మూగగానే ఉండాలి.

తీర్మానాన్ని సభలో అతడి ఎదుట చదివినవాడు కూడా నేనే. చదవడం అయ్యాక మెట్ల దగ్గర అతడు నాకు ఎదురుపడ్డాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఏటి పంతులుగారూ, అలా ముక్కుతో సదివీసినారు?" అన్నాడు. "దొర గొంతుతో సదవాల్సింది. నవ్వుకుంటా ఎలిపోదును."

ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ తరువాత నాతో మాట్లాడనేలేదు.

గది పోయింది. సన్యాసమ్మ తిరుగు ఓడ ఎక్కింది. సింహాచలం బసకు వెళ్లాడు. అధ్యక్షులవారి మనుషులు జెట్టీ మీద అతడి పేరు పిలవడం మానేస్తే ఊరి శివారున చిమిండైంగ్‌లో ఒక ధాన్యం మిల్లులో చేరాడు. ఒకసారి పని మీద అటు వెళ్లినప్పుడు చూశాను. ఊకదుమ్ములో కనుబొమలు తెల్లబడి, బస్తా కిందినుంచి నన్ను చూశాడు. చూసి, నడక ఆపకుండా వెళ్లిపోయాడు. నేను నమస్కారం పెట్టడానికి చేయి ఎత్తి, ఎవరైనా చూస్తున్నారేమోనని గొడుగు సర్దుకున్నాను. తరువాతి వానాకాలానికి అతడు మిల్లులో లేడు. ఎగువ బర్మాకు వెళ్లాడన్నారు కొందరు. ఎవరికీ సరిగ్గా తెలియదు.

ఇక ఆ ఫ్రెంచివాడి సంగతి. ఏడాది తిరగకుండానే మాటాడే బొమ్మలు వచ్చేశాయి. తెర వెనుక మనిషితో పని లేకపోయింది. పెద్దలు కాస్త ఓపిక పడితే మా గొంతు దానంతట అదే పోయేది. ఎవరి కడుపూ కొట్టనక్కరలేకపోయేది. బుగ్గల దొర మాటాడతాడని ఊ మ్యా ఊరంతా కాగితాలు పంచాడు. నేను వెళ్లాను. తెరకు ముందు కూర్చుని అతణ్ణి చూడడం అదే మొదలు. మూడేళ్లూ నేను ఎడమచేతివాటమనుకున్న మనిషి కుడిచేత్తో టోపీ ఎత్తాడు. నోరు తెరిచాడు. సన్నని గొంతు. గబగబా, గుమాస్తా అర్జీ చదివినట్టు. హాలులో మనవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఈడు మన దొర కాడు" అన్నాడు నా పక్కనున్న ముసలాయన. "మన దొర గొంతు చిమిండైంగ్‌లో మూటలు మోస్తంది."

ఆయనకు నేనెవరో తెలియదు. నేను మాత్రం అక్కడ కూడా నోరు విప్పలేదు. అది రెండోసారి. లెక్క పెడుతున్నారు కదా?

ఆ గొంతుతోనే ఆ మనిషి తన దేశంలో పైకి వచ్చాడని ఊ మ్యా చెబుతుండేవాడు. మాట రాకముందు రెండు నిమిషాలకే తలుపు వెనక్కు పోయినవాడు, మాట వచ్చాక సగం కథ దాకా తెర మీద ఉండసాగాడట. హోటలువాడు, లాయరు, పిసినారి బాబాయి, అవే వేషాలు. కాని ఆ సన్నని గొంతు వినడానికే జనం వచ్చేవారట. పేరు కూడా వేశారట. నేను అసూయపడలేదు. అతడు తన గొంతుతో తన పేరు తెచ్చుకున్నాడు. తన మాట తానే పలికి, దాని ఫలం తానే అనుభవించినవాడు. మా ముగ్గురిలో ఆ పని చేసినవాడు అతడొక్కడే.

నేను పాఠశాలలో ప్రధాన పండితుణ్ణయ్యాను. శాలువ కప్పారు. ఇప్పుడు రంగూనులోనే సంచౌంగు పేటలో ఒక శిష్యుడి ఇంట్లో ఉంటున్నాను. ఆ శాలువ చలికాలంలో వెచ్చగానే ఉంటుంది, కప్పుకుంటాను. నన్ను కాలుస్తుందని రాస్తే మీకు నచ్చేది. అబద్ధం.

ఎందుకు పలకలేదని మీరు అడుగుతారు. పాఠశాల కోసమని రాశాను. నిజమే, కాని అంతేనా? కొన్నాళ్లు భయమని చెప్పుకున్నాను. కొన్నాళ్లు, సభవారి కుళ్లు బుద్ధే అసలు కారణమని నిందంతా వారి మీదికి తోశాను. వారి బుద్ధి కుళ్లిందే. అందులో సందేహం లేదు, వారి ఎదుటనైనా అంటాను. కాని వారు నా పెదవులు పట్టుకోలేదు. కూలీ మాట గొప్పదని మూడేళ్లు తెర వెనుక చాటినవాణ్ణి, ఆ మాట నాదని తెర ముందు ఒప్పుకోవలసి వచ్చేసరికి దాన్ని ఒక కూలీ నెత్తిన పెట్టి తప్పుకున్నాను. మాటను ప్రేమించాను. ఆ మాట పుట్టిన మనిషిని, నా పక్కనే కూర్చుని నా ఊపిరికి తాళం పట్టిన మనిషిని, అంతగా ప్రేమించలేదు. కారణం ఇంతకన్నా లోతుగా తవ్వలేను. తవ్వితే మళ్లీ అలంకారాలు బయటపడతాయి.

పేరు పెట్టకుండా రాస్తున్నానని ఎత్తిపొడవండి. పెట్టను. ఆనాటి సభవారిలో ఎవరైనా మిగిలి ఉంటే పేరు లేకుండానే నన్ను పోల్చుకుంటారు. వారు నా శాలువను, నా పద్యాలను, నా పాఠశాలను ఏమైనా చేసుకోవచ్చు. నేను అడ్డురాను. కాని తెర వెనుక నేను పలికిన మాటలలో ఒక్కదానికైనా నాచేత పశ్చాత్తాపం చెప్పించలేరు. ఆ మాటలకు నేను బాధ్యుణ్ణి, పలకని ఆ మాటకూ నేనే బాధ్యుణ్ణి. మొదటిది నా గొప్ప, రెండోది నా నీచత. రెండింటినీ ఇప్పుడు ఒకే చేత్తో రాశాను.

సింహాచలం బతికి ఉన్నాడో లేదో తెలియదు. ఉన్నా అతడికి చదువు రాదు. ఎవరో చదివి వినిపించాలి. వినిపించేవారు ఎవరైనా సరే, ముక్కుతో చదవవద్దని మనవి. ఇందులో అతడికి కావలసిన వాక్యం ఒక్కటే ఉంది. అది ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఇవ్వవలసి ఉండీ ఇవ్వనిది. ఇప్పుడు ఇస్తే అతడికి గది రాదు, భార్య రాదు, పోయిన ఏళ్లు రావు. అయినా రాస్తున్నాను.

రంగూను హాలులో బుగ్గల దొరకు గొంతిచ్చినవాడు సింహాచలం కాడు. నేను.

కాసేపు కలం పక్కన పెట్టి కూర్చున్నాను. ఊపిరి తేలికగా ఆడుతోంది. ఇంతకు మించి నాకు రావలసినదేమీ లేదు.